బెల్టు మీద చెల్లెలి బూట్లు

విమానాశ్రయంలో నా ఉద్యోగం జనం చేత తిట్లు తినడం. జీతం మాత్రం తెర చూస్తున్నందుకని ఇస్తారు. సంచులూ పెట్టెలూ బెల్టు మీద మిషన్‌లోకి వెళ్తాయి, లోపలి సరుకంతా నా ముందున్న తెర మీద రంగురంగులుగా కనిపిస్తుంది, ఉండకూడనిది ఏదైనా ఉంటే నేను బటన్ నొక్కుతాను. అంతే పని. కానీ ఆ పని జరగాలంటే ముందు నడుం బెల్టు తియ్యమనాలి, వాచీ తియ్యమనాలి, నీళ్ళ సీసా పారెయ్యమనాలి, బూట్లు విప్పమనాలి. అక్కడ మొదలవుతుంది రగడ.

కోటు వేసుకున్న పెద్దమనిషిని బూట్లు విప్పమనండి, ఆస్తి రాసిమ్మన్నట్టు మొహం పెడతాడు. ఎందుకో నాకు తెలుసు. మేజోడుకి చిల్లు ఉంటుంది. "మేమేమన్నా దొంగలమా?" అని ఎగిరెగిరి పడేవాళ్ళలో సగం మంది బొటనవేళ్ళు నేను చూశాను. ఇంకొందరు వంగలేరు, వంగితే లేవలేరు, తాడు ముడి విప్పలేక నన్ను గుడ్లురిమి చూస్తారు, ఆ ముడి నేనే వేసినట్టు. వరుస మొదట్లో ట్రేలు అందిస్తూ "బెల్టు, వాచీ, బూట్లు! బెల్టు, వాచీ, బూట్లు!" అని గొంతు చించుకునే పెద్దాయన ఒకడున్నాడు. అందరం బాబాయి అంటాం. నిద్రలో కూడా ఇదే కలవరిస్తాడని ఆయన భార్య మాతో చెప్పి తల పట్టుకుంది.

ఇన్నేళ్ళలో ఎంతమంది బూట్లు నా కళ్ళ ముందునుంచి పోయాయో నాకే తెలియదు. ఎవరివీ గుర్తుండవు. ఒక్క జత మాత్రం కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. నల్ల తోలువి, పక్కన చిన్న బకిల్ ఉన్నవి. నా చెల్లెలివి.

చెల్లెలు పోయి రెండేళ్ళు దాటింది. జ్వరమని ఆసుపత్రికి నడుచుకుంటూ వెళ్ళింది, నడుచుకుంటూ రాలేదు. అంతకు చాలా ముందు స్కూటర్ మీంచి పడి ఎడమ పాదం విరగ్గొట్టుకుంది. లోపల ఒక లోహపు పట్టీ పెట్టి మరలు బిగించారు. ఆ ఎక్స్‌రే ఫిల్ము నేనే కిటికీ వెలుగుకి పెట్టి చూశాను. మడమ వైపున్న మర ఏటవాలుగా కనిపిస్తే డాక్టర్‌తో "ఇది వంకరగా బిగించారండీ" అన్నాను. "అలాగే బిగించాలమ్మా. మీరు సూట్‌కేసులు చూసుకోండి" అన్నాడాయన. చెల్లెలు అంత నొప్పిలోనూ పగలబడి నవ్వింది. ఆ తర్వాత నాకేదైనా సలహా చెప్పాలనిపిస్తే చాలు, "నువ్వు సూట్‌కేసులు చూసుకోవే" అనేది.

ఆ దెబ్బతో దాని నడక మారిపోయింది. కుడి కాలు టక్కున పడేది, ఎడమది సర్రున ఈడ్చుకుంటూ వచ్చేది. టక్, సర్ర్. టక్, సర్ర్. అది పని నుంచి వస్తుంటే మా మెట్ల మీద ఆ చప్పుడు విని నేను తలుపు తీసేదాన్ని. రాత్రి పడుకునే ముందు పాదానికి నొప్పుల మందు రాయించుకునేది. ఘాటు వాసన. "కంపు" అని తిడుతూ రాసేదాన్ని. ఇప్పుడు ఆ డబ్బా మూత తీసి వాసన చూస్తూ కూర్చుంటున్నాను, నా బతుక్కి.

దానికి ఒక్కతే కూతురు. తండ్రి సంగతి అడక్కండి, ఆయనకి వేరే సంసారం ఉంది. పిల్లని నేనే పెంచుతున్నాను. పెంచడానికేముంది, అప్పటికే నా నెత్తెక్కి కూర్చునే వయసొచ్చింది. తల్లికున్నంత నోరూ ఉంది, తల్లికి లేని పరుగూ ఉంది. మెట్లు రెండేసి చొప్పున దూకుతూ ఎక్కుతుంది.

మొన్నామధ్య దానికి ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. సమయానికి తన బూట్లు నోరు తెరిచాయి. బీరువా పైనుంచి తల్లి బూట్లు దించి తొడుక్కుంది. నా ప్రాణం చివుక్కుమంది. పైగా తల్లి పాదం దీనికన్నా పెద్దది, చెప్పులు కొనిచ్చేదాన్ని నాకు తెలియదా? "వదులుగా ఉంటాయే, వేళ్ళ దగ్గర దూది పెట్టుకో" అన్నాను.

"అక్కర్లేదు పెద్దమ్మా. అతికినట్టు సరిపోయాయి" అంది.

ఆ సాయంత్రం వంటింట్లో ఉన్నాను. కింద మెట్ల మీద చప్పుడైంది. టక్, సర్ర్. టక్, సర్ర్. చేతిలో గరిట జారిపోయింది. ఎలా వెళ్ళి తలుపు తీశానో తెలియదు. ఎదురుగా పిల్ల నిలబడి ఉంది.

"ఏంటి పెద్దమ్మా, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?"

"కాలికేమైంది? ఈడుస్తున్నావేంటి?"

"నేనెక్కడ ఈడ్చాను? బానే నడిచొచ్చాగా!"

నిజంగానే దాని కాలికేమీ కాలేదు. ఆ బూట్లు వేసుకుంటేనే ఆ చప్పుడు. అది కూడా నాకే వినపడుతుంది, పిల్లకి వినపడదు. మొదట్లో నాకు ఒళ్ళంతా చెమటలు పట్టేవి. దేవుడా, నాకు మతి చలించిందా అని ఏడ్చాను. తర్వాత భయం పోయింది. ఇంకొన్నాళ్ళకి సాయంత్రమైతే కూర పొయ్యి మీద పెట్టి చెవులు మెట్లకి అప్పగించడం మొదలుపెట్టాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ చప్పుడు కోసమే పిల్లని పాలు తెమ్మనీ, ఉల్లిపాయలు తెమ్మనీ మళ్ళీ మళ్ళీ కిందికి పంపేదాన్ని. "ఇంట్లో ఉల్లిపాయల కొట్టు పెడతావా?" అని అది విసుక్కునేది.

పిల్ల ఇంట్లో లేనప్పుడు ఒకసారి ఆ బూట్లు నేనే తొడుక్కోబోయాను. నావి కాళ్ళా, రోకళ్ళు. దూరలేదు. ఇంకోసారి సంచిలో దాచి పనికి పట్టుకెళ్ళి మిషన్‌లో వేసి చూశాను. తోలు కనిపించింది, బకిల్స్ కనిపించాయి, ప్రతి బూటు అడుగునా ఉండే సన్నటి ఇనప పట్టీ కనిపించింది. అంతే. ఆ రోజు పట్టరాని కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. కూతురు తొడుక్కుంటేనే వస్తుందన్నమాట మహారాణి, అక్క ఎవరట?

అలా నడుస్తుండగా పిల్లకి ఉద్యోగం ఖాయమైంది. ఈ ఊళ్ళో కాదు. విమానం ఎక్కి వెళ్ళాల్సినంత దూరంలో. నలుగురిలో సంతోషంగా నవ్వాను, గదిలోకెళ్ళి దిండులో మొహం పెట్టుకున్నాను. పిల్ల వెళ్తుందన్న దిగులు ఒకెత్తు. దాంతో ఆ చప్పుడు కూడా పోతుందన్నది ఇంకొకెత్తు. ఒకసారి పోగొట్టుకున్నదాన్ని మళ్ళీ ఎలా పోగొట్టుకోను?

"ఆ పాతవి ఇక్కడ వదిలెయ్ బంగారం. కొత్త జత కొనిపెడతాను" అన్నాను.

"వద్దు పెద్దమ్మా. అవి వేసుకుంటే అమ్మ నాతో వస్తున్నట్టుంటుంది."

కొత్త జత మాట అక్కడితో వదిలేశాను.

ఇక్కడ మా మిషన్ గురించి ఒక సంగతి చెప్పాలి. దానికో దొంగబుద్ధి ఉంది. మేం కునుకు తీస్తున్నామేమో పరీక్షించడానికి అప్పుడప్పుడూ ఎవరో ఒకరి సంచి బొమ్మలోకి లేని కత్తినో, లేని తుపాకీనో జొప్పిస్తుంది. మేం బటన్ నొక్కితే "ఇది పరీక్ష, బాగా పట్టుకున్నారు" అని తెర మీద రాస్తుంది. నొక్కకుండా వదిలేస్తే "పరీక్షలో తప్పారు" అని రాస్తుంది. నొక్కినా ఏమీ రాయలేదంటే అది నిజంగా ఉన్నట్టు. అప్పుడు ఆ సామాను పక్క టేబుల్ మీదికి వెళ్తుంది. అందుకే మా చేతులు మమ్మల్ని అడగవు. ఉండకూడనిది కనపడగానే వేలు దానంతటదే బటన్ మీద పడుతుంది.

పిల్ల బయల్దేరే రోజు పొద్దున నేను డ్యూటీలో ఉన్నాను. మా వాళ్ళెవరైనా వస్తే తెర ముందు కూర్చోకూడదని రూలు. పిల్ల వస్తోందని నేనెవరికీ చెప్పలేదు. తెర చూసేవాళ్ళం కళ్ళు అలిసిపోకుండా వంతులు మార్చుకుంటూ ఉంటాం. సరిగ్గా అది వచ్చే వేళకి నా వంతు పడేలా చూసుకున్నాను. ఖాళీ బూట్లలో ఏమీ లేదు సరే. కాళ్ళకున్నవి అప్పుడే విప్పి, ఆ వెచ్చదనం ఆరకముందే పెడితే? ఒక్కసారి చూడాలి. ఉందో లేదో తేలిపోవాలి. ఉంటే మాత్రం ఎలా వెళ్ళనిస్తాను?

"బెల్టు, వాచీ, బూట్లు! ఏమ్మా మనవరాలా, నీకు వేరే చెప్పాలా?" అన్నాడు బాబాయి.

"విప్పుతున్నా తాతయ్యా" అంటూ పిల్ల వంగి బకిల్స్ తీసింది. బూట్లు ట్రేలో పెట్టి, మేజోళ్ళ కాళ్ళతో చల్లటి నేల మీద వేళ్ళు ముడుచుకుని నిలబడింది. నన్ను చూసి రహస్యంగా కన్ను కొట్టింది. ట్రే రబ్బరు తెరల కింద నుంచి లోపలికి వెళ్ళింది.

నా తెర మీదికి ముందు తోలు వచ్చింది, లేత నారింజ రంగులో. తర్వాత బకిల్స్, నీలంగా. తర్వాత వేళ్ళు.

వేళ్ళే. అయిదూ అయిదూ. చిన్నచిన్న ఎముకలు వరసగా, ఆకుపచ్చటి నీడల్లా. వాటి వెనక పాదం, దాని వెనక మడమ. చీలమండ పైన ఏమీ లేదు. ఎవరో ఆ ట్రేలో నిలబడి ఉన్నారు, ఇంకా వెళ్ళాల్సిన దారి చూస్తున్నట్టు. ఎడమ పాదంలో లోహపు పట్టీ. మరలు. మడమ వైపు ఒకటి ఏటవాలుగా.

"ఒసేయ్" అన్నాను. నా వేలు అప్పటికే బటన్ నొక్కేసింది.

బెల్టు ఆగింది. మిషన్ ఏమైనా రాస్తుందేమో అని చూశాను. పరీక్ష అనలేదు. ఏమీ అనలేదు. నిజంగా ఉంది! నా చెల్లెలు నిజంగా ఉంది! ఆ క్షణంలో నేను పడ్డ సంతోషం ఇంతా అంతా అని చెప్పలేను.

కానీ బటన్ నొక్కాను కదా, పని దారిన పని జరిగిపోయింది. ట్రే పక్క టేబుల్ మీదికి వెళ్ళింది. అక్కడ ఉండే పిల్లని మేం స్వెటర్ పిల్ల అంటాం, ఏసీ చలికి ఏడాది పొడుగునా వణుకుతూ ఉంటుంది. బూట్లు తీసుకుని గ్లవుజు చెయ్యి లోపలికి పోనిచ్చింది. అడుగు వంచి చూసింది. నేను లేచి "వద్దు, ఆగు!" అనేలోపు రెండు బూట్లూ తలకిందులు చేసి టేబుల్ అంచుకేసి టపటపా కొట్టింది. లోపల బ్లేడో పొట్లమో దాచితే రాలిపడాలని అలా కొడతాం. ఆ పిల్లకి అది నేర్పింది నేనే.

ఏమీ రాలలేదు. కానీ నేల మీద మెత్తగా రెండు పాదాలు దిగిన చప్పుడు నాకు వినపడింది.

"ఏం లేదక్కా. ఏం కనిపించింది మీకు?" అంటూ ఆమె బూట్లని ఇంకోసారి బెల్టు మీద పంపింది. తెర మీదికి తోలు వచ్చింది, బకిల్స్ వచ్చాయి, ఇనప పట్టీలు వచ్చాయి. ఖాళీ.

పిల్ల అవతలి పక్క బెంచీ మీద కూర్చుని బూట్లు తొడుక్కుంది. లేచి రెండడుగులు వేసి ఆగిపోయింది.

"పెద్దమ్మా, ఇవి నావేనా? ఇంత వదులైపోయాయేంటి?"

నా చెవులు దాని మాట మీద లేవు. నేల మీద చప్పుడు నా వైపు వస్తోంది. బూట్లు లేని కాళ్ళు కదా, టక్ లేదు. తప్, సర్ర్. తప్, సర్ర్. నా కుర్చీ పక్కకి వచ్చి ఆగింది. నా చీలమండలకి చల్లగా తగిలింది. నొప్పుల మందు వాసన గుప్పున కొట్టింది. నేను కోరుకున్నది ఇదే. పిల్ల వెళ్తుంది, ఇది నాతో ఉండిపోతుంది. సాయంత్రం మెట్ల మీద ఇద్దరం కలిసి ఎక్కుతాం. నేను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడమే.

కూర్చున్నాను. సంచులు వస్తున్నాయి, చూస్తున్నాను, ఒక్కటీ బుర్రకెక్కడం లేదు.

పిల్ల బ్యాగు భుజాన వేసుకుని గేట్ల వైపు బయల్దేరింది. అడుగడుక్కీ మడమలు బూట్లలోంచి బయటికి జారుతున్నాయి. నాలుగడుగులు వెయ్యగానే తూలి గోడ పట్టుకుంది. వెనక్కి తిరిగి నా వైపు చూసింది. తల్లి పోయిన రోజు కూడా నిబ్బరంగా నిలబడ్డ పిల్ల అది. ఇప్పుడు ఎందుకో తెలియకుండానే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఏం పని చేశానురా భగవంతుడా! తల్లిని దాని కాళ్ళ దగ్గర్నుంచి లాగేసుకున్నాను, పెద్దమ్మనట పెద్దమ్మని!

"ఏయ్, ఆగు!" అని అరిచాను. హాలంతా ఇటు తిరిగింది. "ఇలా రా. ఆ బూట్లు మళ్ళీ విప్పు."

"మళ్ళీనా? పెద్దమ్మా, గేటు మూసేస్తారు!"

"విప్పమన్నానా!"

వరుసలో వాళ్ళు గొడవ మొదలుపెట్టారు. "సొంత మనిషినే ఇలా చేస్తోందంటే మనల్ని బతకనిస్తుందా?" అన్నారెవరో. స్వెటర్ పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. బాబాయి మాత్రం ఏమీ అడక్కుండా ట్రే తెచ్చి బూట్లు అందులో పెట్టి బెల్టు మొదట్లో ఉంచాడు.

నేను తల వంచుకుని కుర్చీ పక్కన ఉన్న ఖాళీతో గుసగుసగా మాట్లాడాను. "వెళ్ళవే. అది ఒక్కతే ఉండలేదు. నేనెలాగోలా ఉంటాను. మొండిదాన్ని కదా, నువ్వే అనేదానివి."

చల్లదనం కదల్లేదు.

"వెళ్ళు తల్లీ. నేను సూట్‌కేసులు చూసుకుంటాను."

కొంచెంసేపు అలాగే ఉంది. తర్వాత నా చీలమండలు వెచ్చబడ్డాయి. తప్, సర్ర్. తప్, సర్ర్. బెల్టు వైపు వెళ్ళింది. ఖాళీ బూట్లున్న ఆ ట్రే కొద్దిగా కిందికి దిగింది. బాబాయి చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఈసారి నేను కుడి చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాను. తెర మీదికి తోలు వచ్చింది. బకిల్స్ వచ్చాయి. వేళ్ళు వచ్చాయి. ఎడమ పాదంలో పట్టీ, మరలు, ఆ వంకర మర. నా వేలు కొట్టుకుంటోంది. చెయ్యి విరిగినా సరే అని పట్టు వదల్లేదు. పాదాలు తెర ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా జరిగాయి. ముందు వేళ్ళు పోయాయి, తర్వాత పట్టీ పోయింది, చివరికి మడమలు కూడా పోయాయి. తెర తెల్లబడింది. పరీక్షలో తప్పారు అని మిషన్ రాస్తుందేమో అని ఎదురుచూశాను. రాయలేదు.

పిల్ల బూట్లు తొడుక్కుని నేల మీద పాదం తట్టి చూసింది. "ఇప్పుడు బానే ఉన్నాయి. నేనిందాక సరిగ్గా పెట్టుకోలేదేమో" అంది. కళ్ళు తుడుచుకుని పరుగు తీసింది. పరుగులో కూడా నాకు వినపడింది. టక్, సర్ర్. దూరమయ్యే కొద్దీ సన్నబడి, జనం గోలలో కలిసిపోయింది.

"ఏం కనిపించిందక్కా?" అని స్వెటర్ పిల్ల మళ్ళీ అడిగింది.

"ఏం లేదు. ఖాళీ బూట్లు" అన్నాను. బాబాయి నా వైపు చూడలేదు. ఆ పూటంతా ఆయన కేక కూడా వెయ్యలేదు, చేతి సైగతోనే బూట్లు విప్పించాడు.

సాయంత్రం ఇంటి మెట్లు ఎక్కాను. నా అడుగులే వినపడ్డాయి, బండగా. వంట చెయ్యబుద్ధి కాలేదు. మందు డబ్బా మూత తీశాను. ఎండిపోయినట్టుంది, వాసనే లేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

పిల్ల ఫోన్ చేసింది. "చేరాను పెద్దమ్మా. గది చిన్నదే గానీ బావుంది. కిటికీ కూడా ఉంది. నువ్వు తిన్నావా?" అంటూ గలగలా చెప్పుకుపోతోంది. ఆ మాటల వెనక నాకు ఇంకో చప్పుడు వినిపిస్తోంది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. టక్, సర్ర్. టక్, సర్ర్. కొత్త చోటు ఎలా ఉందో చూసుకుంటున్నట్టు.

"పొద్దున్నుంచి తిరిగి అలిసిపోయుంటావ్. అలా పచార్లు చేసే బదులు కాసేపు కూర్చుని మాట్లాడకూడదూ?" అన్నాను.

"కూర్చునే ఉన్నా పెద్దమ్మా, మంచం మీద. రాగానే షూస్ విప్పేశా. కాళ్ళు లాగుతున్నాయి."

"బూట్లెక్కడ పెట్టావ్?" అని అడిగాను.

"గుమ్మం బయట. ఏం?"

"బయట వద్దు" అన్నాను. "లోపల పెట్టుకో."